ఐదో సీసా ముడి

పోయిన వారం బుడాన్‌ను ఊరి రైతు పేరయ్య గారి వసారాలో, నాలుక మీద తేనెచుక్కతో వదిలి వచ్చాం.

మంగళగిరి నుంచి ఆయుర్వేదం డాక్టరు శ్రీరమ్య జీపులో వచ్చింది. చెక్కపెట్టెలో ఐదు సీసాలు తెచ్చింది. నాలుగింటి తేనె గిన్నెల్లో పోసి పెట్టింది. ఆమె మందుల కొట్టులో ‘బుడాన్ కొండతేనె’ అని చీటీ అంటించి ఒక సీసా అమ్మింది. అందులో తేనెతో మందు రంగరించి పెడితే నాలుగేళ్ల పిల్ల వాంతులు చేసుకుంది. మూడు రోజులైనా మంచం దిగలేదు. కొండ మీద ఏ చెట్టు పూత తేనె అయినా నాలుక మీద పెట్టుకుని చెట్టు పేరు చెప్పగలడని బుడాన్‌కు ఇరవై ఏళ్లుగా పేరు. ఆ పేరు నిజమో కాదో నలుగురి ఎదుట తేల్చమంది డాక్టరమ్మ. తేలకపోతే చీటీ మీద పేరు తీసేస్తాననీ, మిగతా కొట్ల వాళ్లకీ చెబుతాననీ అంది.

బుడాన్ మొదటి గిన్నెలోంచి చుక్క తీసి నాలుక మీద వేసుకున్నాడు. వేసుకుని ఊరుకున్నాడు.

మార్చి నెలాఖరు. ఎదుట కల్లంలో మూడో కోత మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి. గాలి ఇటు తిరిగినప్పుడల్లా వసారాలో ఎవరో ఒకరు దగ్గుతున్నారు.

“ఏందిరా బుడానూ, చెప్పవేం? తేనె నాలుకకి అంటుకుపోయిందా?” అన్నాడు పేరయ్య.

బుడాన్ గడ్డం నిమురుకున్నాడు. అరవై దాటిన మనిషి. ఒకప్పుడు దూది ఏకే విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగాడు. పరుపులు దుకాణాల్లో దొరకడం మొదలయ్యాక విల్లు గోడకు తగిలించి కొండ ఎక్కాడు. ఆయన చూపు స్తంభం పక్కన నిలబడ్డ కోడలి మీదికి పోయింది. కోడలు ఖైరున్నీసా చూపు తిప్పుకోలేదు.

ఐదేళ్లుగా ఆ ఇంట్లో పని ఇట్లా జరుగుతోంది. తేనె దించగానే ఖైరున్నీసా రుచి చూసేది. చెట్టు పేరు మామ చెవిన వేసేది. మామ బయటికి వచ్చి, ఒక చుక్క నాకి, కళ్లు మూసుకుని, కొనేవాళ్లకు అదే పేరు చెప్పేవాడు. ఈ సంగతి తెలిసింది వాళ్లిద్దరికే.

ఆమె కొంగు నడుముకు దోపుకుని ముందుకు వచ్చింది.

“మామకి రుచి తెలీదు డాక్టరమ్మా. తీపీ తెలీదు, చేదూ తెలీదు. ఐదేళ్లయింది.”

“ఖైరూ!” అన్నాడు బుడాన్.

“ఊరుకో మామా. ఎంతసేపని చప్పరిస్తావు?”

పేరయ్య కుర్చీలో ముందుకు జరిగాడు. “నాతో ఒక్కనాడూ అనలేదేందిరా? ఎట్లా పోయింది?”

బుడాన్ కల్లం వైపు చూస్తూ కూర్చున్నాడు. ఖైరున్నీసాయే చెప్పింది.

“మీ పత్తిచేలోనే బాబాయ్. పచ్చపురుగు ఊళ్ల మీద పడ్డ ఏడు. పూటకో మందు కలిపి కొట్టించారు. ఇరవై రెండోసారి కొడుతూ మామ చేలో పడిపోయాడు. మీరే బండిలో వేసి వినుకొండ ఆసుపత్రికి తీసుకుపోయారు.”

“బతికి బయటపడ్డాడుగా!”

“బతికాడు. రుచి మటుకు రాలేదు.”

పేరయ్య భుజం మీది కండువా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. మళ్లీ భుజాన వేసుకున్నాడు. ఆ ఏడు ఆయనకు పంట దక్కలేదు. నష్టమంతా తన ఒక్కడిదే అనుకుని ఇన్నాళ్లూ తిరిగాడు.

గుమ్మంలో నిలబడ్డ ఆయన భార్య వెంకటేశ్వరమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. “అందుకా! మొన్న కోతలప్పుడు పులుసులో ఉప్పు మరిచిపోతే అందరూ మొహాలు చిట్లించారు, బుడాన్ ఒక్కడూ రెండోసారి పోయించుకున్నాడు. నా చేతి వంట అంత గొప్పదనుకున్నానయ్యా!”

బుడాన్ నవ్వాడు. పొద్దుటి నుంచి ఆయన మొహంలో కదలిక కనిపించడం అదే మొదలు.

శ్రీరమ్య నవ్వలేదు. ముప్పై ఏళ్లుంటాయి ఆమెకు. కళ్లజోడు తీసి పమిట కొసతో తుడుచుకుంది. “అంటే ఐదేళ్లుగా నాకు అబద్ధం చెప్పి అమ్మారు.”

“పేరు మామది, నాలుక నాది. నేర్పింది మామే. మా ఇంట్లోంచి బయటికి పోయిన తేనెలో అబద్ధం లేదు.”

“ఆ మాట ఎవరైనా అంటారు.”

“అనడం దేనికి? ఆ పరీక్ష నాకు పెట్టండి.”

పేరయ్య డాక్టరమ్మ వైపు చూశాడు. శ్రీరమ్య కళ్లజోడు పెట్టుకుంది.

“రంగు చూడకూడదు. గోడ వైపు తిరిగి కూర్చోవాలి.”

“కూర్చుంటా. పిన్నీ, చెంబెడు నీళ్లు, గుప్పెడు బొరుగులు ఇప్పించు.”

ఆమె నోరు పుక్కిలించింది. చేతులు కడుక్కుంది. రెండు రోజులుగా ఆమె మిరప కోతకు పోలేదు. అయినా వేళ్లను నమ్మలేదు. ఈ కాలంలో ఈ ఊళ్లో ఏ వేలు నాకినా కారమే. అందుకే బుడాన్ వేలితో తేనె రుచి చూడనిచ్చేవాడు కాడు. మణికట్టు వెనక ఒక చుక్క వేసుకోవాలి. ఒంటి వేడికి ఆ చుక్క కాస్త కరిగి వాసన విడుస్తుంది. ముందు వాసన, తరవాత రుచి. ఒక తేనెకూ మరో తేనెకూ మధ్య నాలుగు బొరుగు గింజలు నమిలి, నీళ్లు తాగాలి.

ఖైరున్నీసా గోడ వైపు తిరిగి, చెయ్యి వెనక్కి చాపింది.

మొదటి చుక్క పడింది. ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. నాకింది. మింగాక కూడా నోరు తెరవలేదు. ఆ తేనెకు చెప్పాల్సిన మాట చివర్న ఉందని ఆమెకు తెలుసు.

“కుంకుడు. మొదట ఒట్టి తీపి. మింగినాక గొంతులో సన్నగా చేదు గీస్తుంది. పుష్యమాసంలో దించింది. మాది కాదు, మా కొండన కుంకుడు చెట్లు ఇంత లేవు. నల్లమల లోపలిది అయ్యుంటుంది.”

శ్రీరమ్య పుస్తకంలో రాసుకుంది. అవునని గానీ కాదని గానీ అనలేదు. రెండో చుక్క వేసింది.

ఖైరున్నీసా నాకీ నాకగానే మొహం చిట్లించింది. “ఈ గిన్నెలో వేలు పెట్టిందెవరు?”

శ్రీరమ్య గిన్నె ఎత్తి చూసింది.

“కారం డాక్టరమ్మా. తేనె బాగానే ఉంది. వేలు బాగాలేదు.”

పేరయ్య మీసం కింద పెదవి తడుపుకున్నాడు. వెంకటేశ్వరమ్మ అందుకుంది. “ఇందాక ఆమె జీపు దగ్గరికి పోయినప్పుడు చూశాలే! పిల్లాడిలాగా వేలు ముంచి నాకారు. పొద్దుటి నుంచీ కల్లంలో తాలుకాయలు ఏరిన వేలు!”

“ఒక్క చుక్కేనే,” అన్నాడు పేరయ్య. “తేనె కనపడితే ఎవడాగుతాడు?”

వసారా అంతా నవ్వింది. శ్రీరమ్య కూడా పెదవి బిగపట్టుకుంది. సీసాలోంచి వేరే గిన్నెలో మళ్లీ పోసింది.

“నేరేడు,” అంది ఖైరున్నీసా ఈసారి. “వగరు చూశారా, నాలుక అంచుల్ని పట్టుకుంటుంది. రంగు చూడక్కర్లా, నల్లగా ఉంటుంది. పాత తేనె. నిరుటిది.”

మూడోది నోట్లో వేసుకుని చాలాసేపు ఉంచుకుంది. “రేగు. కార్తీకం నాటిది. తీపి వెనక చిన్న పులుపుంది. వాసన పండుది కాదు, పూతది. కాస్త మక్కిన వాసన.”

శ్రీరమ్య కలం ఆగింది. “కాదు. ఇది తంగేడు తేనె.”

పేరయ్య కుర్చీ కిర్రుమంది. బుడాన్ మాత్రం తల పైకెత్తాడు.

“ఎవరన్నారు?” అంది ఖైరున్నీసా, గోడ వైపే తిరిగి.

“నాకు అమ్మినాయన. చీటీ మీద రాసిచ్చాడు.”

“అయితే ఆయన ఎప్పుడూ తంగేడు పొద దగ్గర కూర్చోలేదు. తంగేడు పువ్వులో తేనె ఊరదమ్మా. ఈగలు పోతాయి, పుప్పొడి కాళ్లకి అంటించుకుని వస్తాయి. అంతే. మీకు సందేహమైతే అదుగో, గట్టు మీద పొదలున్నాయి. పూత కాలంలో వచ్చి ఒక పువ్వు తెంపి చప్పరించండి.”

శ్రీరమ్య బుడాన్ వైపు చూసింది. ఆయన తల ఊపాడు. “చిన్నప్పుడు దానికి నేను చెప్పిన మొదటి పాఠం అదేనమ్మా. నా మేనకోడలేగా, లంగా జాకెట్టు వేసుకునే రోజుల నుంచీ నా వెనకే కొండెక్కేది.”

శ్రీరమ్య సీసా మీది చీటీని గోరుతో గీకి తీసేసింది. ఆ పని ఆమె ఎవరూ అడక్కుండానే చేసింది. అక్కడి నుంచి ఆమె గొంతు కొద్దిగా మారింది.

“నాలుగోది చూడండి ఖైరున్నీసా గారూ.”

‘గారూ’ అన్న మాట విని వెంకటేశ్వరమ్మ మొగుడి వైపు చూసింది.

నాలుగోది వాసన చూడగానే ఖైరున్నీసాకు నవ్వు వచ్చింది. “ఇది మా ఇంటిదే. వేప. పడమటి చరియలో, బొరియ పక్కన పట్టిన తేనెపట్టుది. నిరుడు వైశాఖంలో దించాం. చేదు వెనక పిడక పొగ తగులుతుంది చూడండి. ఆ రోజు మా ఆయన పొగ ఎక్కువ పెట్టాడు. తొందర మనిషి. ఈగలు లేచిందాకా ఆగలేడు.”

“అంత వివరంగా ఎట్లా చెప్పగలరు?”

“మీరు మీ పిల్లల గొంతు గుర్తుపట్టరా?”

శ్రీరమ్య రాసుకోవడం ఆపేసింది. పెట్టెలోంచి ఐదో సీసా తీసింది. దాని మూతి మీద గుడ్డ, గుడ్డ మీద తాడు కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. కత్తెరతో ముడి చెదరకుండా తాడును పక్కన కత్తిరించింది. లోపల తేనె జారలేదు. చెంచాతో తీయాల్సి వచ్చింది.

మణికట్టు మీద పడ్డ దాన్ని ఖైరున్నీసా వాసన చూసింది. మళ్లీ చూసింది. నాకింది. నాలుకను అంగిటికి రాసింది. ఒక్కసారిగా లేచి, వసారా అంచుకు పోయి ఉమ్మేసింది. నోరు రెండుసార్లు పుక్కిలించింది.

“పత్తి,” అంది.

“అడవిలో పత్తి ఏందమ్మాయ్?” అన్నాడు పేరయ్య.

“అడవిది కాదు బాబాయ్, ఇది కొండే ఎక్కలేదు. పత్తి తేనె నెల తిరక్కుండా పేరుకుంటుంది. వెన్నపూసలాగా, సన్నని పలుకు. తీపి ఒట్టి తీపే. వెనకాల ఏమీ ఉండదు, ఖాళీ ఇల్లు లాగా. పత్తికి పువ్వులోనే కాదు, ఆకు అడుగున ఈనె మీద కూడా తేనె ఊరుతుంది. మనం మందు కొట్టేది ఆ ఆకు మీదే. చేల వెంబడి పట్టిన పట్లు మామ ఎప్పుడూ ముట్టుకోనివ్వడు. పిల్ల తిన్నది ఇదేనా డాక్టరమ్మా?”

“దీని జత సీసా. రెండూ ఒక్కరోజే వచ్చాయి.” శ్రీరమ్య మాటను తూచి అంది. “మీ ఐదు జవాబులూ నేను నమ్ముతున్నాను. ఇప్పుడు ఇటు తిరగండి.”

ఖైరున్నీసా తిరిగింది. సీసా చూసింది. పక్కన పెట్టిన తాడు చూసింది.

అది దూది ఏకే విల్లుకు కట్టే నారి. నరంతో పేనింది. ఎండితే ఇనపతీగలా బిగుస్తుంది, జారదు. విల్లు మూలపడ్డాక దాని ఉండ ఒకటి బుడాన్ ఇంట్లో మిగిలిపోయింది. సీసా మూతులకు ఆయన దాన్నే కట్టేవాడు. ఈ చుట్టుపక్కల నలభై ఊళ్లలో ఇంకెవరి దగ్గరా అలాంటి తాడు లేదు. చీటీ ఊడిపోయినా తాడు చూసి బుడాన్ తేనె అని కొనుక్కునేవాళ్లున్నారు.

“ఈ తాడు మీ ఇంటిదేనా?” అంది శ్రీరమ్య.

“మా ఇంటిదే.”

ఖైరున్నీసా కళ్లు ముడి మీద ఉన్నాయి. కుడిచేతి మనిషి ఆ ముడి వేస్తే కొస కుడివైపు పడుతుంది. బుడాన్ వేసిన ముడి అంతే. రెండేళ్ల కిందట ఆయన చేతులు వణకడం మొదలయ్యాక ఖైరున్నీసా వేస్తున్న ముడీ అంతే. ఈ ముడి కొస ఎడమవైపు పడి ఉంది. ఆ ఇంట్లో ఎడమచేతి వాటం మనిషి ఒక్కడే. తేనె సీసాలు సంచిలో వేసుకుని మంగళగిరి బస్సెక్కేదీ అతనే. అతను ఇమాం హుస్సేన్. బుడాన్ కొడుకు. ఆమె మొగుడు.

ఇంట్లో తను రుచి చూసి, తను కట్టి ఇచ్చిన సీసాల్లో కొన్ని దారిలో మారిపోయాయి.

“ఇది కట్టిందెవరు?” అని అడిగింది శ్రీరమ్య.

బుడాన్ చెయ్యి చాపి తాడు తీసుకున్నాడు. వణికే వేళ్లతో ముడిని తడిమాడు. రుచి పోయిందేగానీ వేళ్లకు తెలివి పోలేదు.

“ముడి నాదే,” అన్నాడు.

“మామా!”

“నాదేనమ్మా డాక్టరమ్మా. రుచి తెలీనివాణ్ణి కదా. పొరపాటు పడ్డాను.”

శ్రీరమ్య నిట్టూర్చింది. “అయితే నాకు వేరే దారి లేదు. ఈ తాడుతో కట్టిన సీసాలు నా కొట్టులో ఇంకా ఉన్నాయి. అన్నీ పారబోయిస్తాను. మీ పేరు ఇవాళే తీసేస్తాను.”

“తీసెయ్యండి.”

ఖైరున్నీసా మామ పక్కన గొంతుక్కూర్చుంది. గొంతు తగ్గించి అంది. “రెండేళ్లయింది నువ్వు ముడి వేసి.”

“తెలుసు. ఇందాక నా సంగతి బయటపెట్టావు, ఊరుకున్నాను. ఇది మటుకు బయటపెట్టమాకు ఖైరూ.”

ఆమె డాక్టరమ్మ వైపు తిరిగింది.

“కొట్టులో ఉన్నవి పారబోస్తారు సరే. ఇప్పటికే జనం ఇళ్లకు పోయిన సీసాలో?”

శ్రీరమ్య పుస్తకం మూసింది. “అవి... కొన్నవాళ్లందరూ నాకు గుర్తులేరు. కొట్టు బయట బోర్డు రాసి పెడతాను.”

“ఏమని రాస్తారు? మంచిదేదో చెడ్డదేదో వాళ్లకెట్లా తెలుస్తుంది?”

“తెలీదు.”

తెలుస్తుంది. కొస ఎటు పడిందో చూస్తే చాలు. ఆ ఒక్క మాట చెబితే ఏ తల్లయినా తన ఇంట్లో సీసా చేతిలోకి తీసుకుని చూసుకోగలదు. ఆ మాట చెబితే, ఎడమ కొస ఎవరిదన్న ప్రశ్న వెంటనే వస్తుంది. మంచం మీద పడుకున్న నాలుగేళ్ల పిల్లను ఖైరున్నీసా చూడలేదు. అయినా ఆ పిల్ల మొహం ఎలా ఉంటుందో తనకు తెలిసినట్టే ఉంది.

రోడ్డు మీద మూడింటి బస్సు ఆగి, దుమ్ము లేపుకుంటూ పోయింది. దుమ్ములోంచి ఒక మనిషి ఖాళీ సంచి భుజాన వేసుకుని వచ్చాడు. వినుకొండలో మైనం అమ్మి వస్తున్నాడు. జీపు చూసి నడక నెమ్మదించాడు. డాక్టరమ్మను చూసి నవ్వు తెచ్చుకున్నాడు.

“నమస్కారం డాక్టరమ్మా. ఏంది, ఇంత దూరం మీరే వచ్చారు?” అన్నాడు ఇమాం హుస్సేన్.

బుడాన్ తాడును గుప్పిట్లో దాచుకోబోయాడు. వణికే చెయ్యి సమయానికి మూసుకోలేదు. ఖైరున్నీసా ఆ తాడు తీసి చీర మడతలో దోపుకుంది. వసారా మూల పెట్టిన తన తట్టలోంచి నారి ఉండ తీసి జానెడు తెంపింది. ఐదో సీసా మూతి మీద గుడ్డ సర్దింది. లేచి మొగుడి ఎదురుగా నిలబడింది.

“మంచి వేళకే వచ్చావు,” అంది. “నా చేతులు జిగటగా ఉన్నాయి. ఈ సీసా మూతి కట్టు.”

“ఇంతమంది ఉండి సీసా మూతి కట్టడానికి నేనే దొరికానా?” ఇమాం హుస్సేన్ నవ్వుతూ సంచి కింద పెట్టాడు. అలవాటుగా ఎడమచెయ్యి చాపి తాడు అందుకున్నాడు. గుడ్డ చుట్టూ ఒక చుట్టు తిప్పాడు.

బుడాన్ దగ్గాడు. మిరపఘాటుకు వచ్చే దగ్గు కాదది.

ఇమాం హుస్సేన్ తండ్రి వైపు చూశాడు. సీసా వైపు చూశాడు. గుడ్డ కింద తెల్లగా పేరుకున్న తేనె అప్పుడు అతని కంట పడింది. పేరయ్య, వెంకటేశ్వరమ్మ, డాక్టరమ్మ, ముగ్గురూ తన చేతుల వైపే చూస్తున్నారు. ఖైరున్నీసా మాత్రం అతని కళ్లలోకి చూస్తోంది.

అతని నవ్వు మెల్లగా ఆగిపోయింది.

పెళ్లయిన పన్నెండేళ్లలో అతను అన్నం తప్ప ఏ పనీ కుడిచేత్తో చేయగా ఆమె చూడలేదు. ఇమాం హుస్సేన్ తాడు కొసను ఎడమచేతిలోంచి కుడిచేతికి మార్చుకున్నాడు.